మాట మార్చనివాళ్లు

రాసేవాడి చేయి ఊరుకోదు. ఎవరి కాగితం కనబడినా ఓ మాట కొట్టేసి, ఇంకో మాట చేరుస్తుంది. నా వృత్తే అది. నా సరదా మాత్రం దానికి పూర్తిగా ఎదురు. ఔత్సాహికులు సొంత సెట్లతో నడిపే హామ్ రేడియోలో వేరొకరి సందేశం అందుకుంటే, అందులో మనదంటూ ఒక్క అక్షరం కలపకూడదు.

ఈ నియమం విలువ తుపాను రోజుల్లో తెలుస్తుంది. 2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ ప్యూర్టోరికోను ఊడ్చేసింది. దీవి అంతా కరెంటు పోయింది. సెల్ టవర్లలో 95 శాతం పైగా మూగబోయాయి. కారు బ్యాటరీ, చెట్టుకు కట్టిన తీగ ఉంటే చాలు, హామ్‌లు మాట్లాడగలరు. అందుకే యాభై మందిని పంపమని అక్కడి హామ్‌ల సంఘమైన అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను రెడ్‌క్రాస్ కోరింది. దీవిలోని వాళ్ల క్షేమసమాచారం బయటి బంధువులకు చేరేలా చూడటం వాళ్లకు అప్పగించిన ముఖ్యమైన పని. 2004 సునామీ వేళ, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం చేసిందీ ఇదే.

వినడానికి చిన్న పనే. కానీ గరగరల మధ్య మాట సగమే వినబడుతుంది. అందుకే పేర్లను ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ అక్షరం అక్షరం చెబుతారు. రేడియోగ్రామ్ ఫారంలో సందేశానికి ముందే అందులోని మాటల సంఖ్య ఉంటుంది. దాన్ని ‘చెక్’ అంటారు. పదహారు రావాల్సిన చోట పదిహేనే వస్తే, జారిపోయిన ఆ ఒక్కటీ దొరికేదాకా ‘అందింది’ అనరు. ‘మందులు లేవు’లో చివరి మాట జారితే ఏమవుతుందో వేరే చెప్పాలా!

1965లో బెట్సీ హరికేన్ సమయంలో మొదలైన హామ్‌ల బృందం హరికేన్ వాచ్ నెట్‌లోనూ ఇలాంటి క్రమశిక్షణే. 14.325 మెగాహెర్ట్జ్ మీద, నెట్‌ను నడిపే ‘నెట్ కంట్రోల్’ పిలిచినవాళ్లే మాట్లాడతారు. మిగతావాళ్లు వింటారు. ఈ తరంగాలు అయనావరణాన్ని తాకి ఎక్కడో దూరాన దిగుతాయి. అందువల్ల దగ్గరివాళ్లకు వినబడనిది దూరాన ఉన్నవాళ్లకు వినబడొచ్చు. అప్పుడు ఆ మూడోమనిషే రిలే చేస్తాడు. దీవుల నుంచి గాలి వేగం, వాయుపీడనం ఇలా మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్‌కు చేరతాయి. ఆ అంకె పరికరంతో కొలిచిందా, కంటి అంచనానా అన్నదీ చెప్పాలి. అంచనాను కొలతగా చెబితే అది సాయం కాదు.

ఇందులో అన్నిటికన్నా కష్టం, జాలిని అదుపులో పెట్టుకోవడం. ‘ఇంటి కప్పు పోయింది, మేం బతికే ఉన్నాం’ అని ఒకరు తల్లికి కబురు పెట్టారనుకుందాం. కప్పు సంగతి దాచి, ‘కంగారు పడకండి’ అని చేర్చాలనిపిస్తుంది. మంచి మనసుకే అలా అనిపిస్తుంది. అయినా ఆ తల్లికి ఏం చెప్పాలో తేల్చుకోవాల్సింది కబురు పెట్టిన మనిషే. ఇల్లూ కరెంటూ ఫోనూ పోయినవాళ్ల దగ్గర తమవంటూ మిగిలింది తమ మాటే. మోసేవాడు దాన్ని కూడా లాక్కోకూడదు. ఇది తెలిశాక, పత్రికాఫీసులో ఎవరి ఉత్తరమైనా దిద్దేముందు నేనిప్పుడు రెండోసారి చదువుతున్నాను.