‘ఒబ్లోమొవ్‌షినా’: ఒక ప్రత్యయం, ఒక విమర్శ

నామవాచకాలను నిష్పన్నం చేసే ప్రత్యయాలు స్లావిక్ భాషలలో విస్తారంగా ఉన్నాయి. రష్యన్‌లో ‘బ్రాత్’ అంటే సోదరుడు. దానికి ‘స్త్వొ’ చేరితే ‘బ్రాత్‌స్త్వొ’, సోదరత్వం. ఇటువంటి ప్రత్యయాలు కేవలం భావాన్ని తెలుపుతాయి. కొన్ని మాత్రం భావంతోపాటు తీర్పునూ మోస్తాయి. ఇవాన్ గొంచరోవ్ నవల ‘ఒబ్లోమొవ్’ (1859)లోని ‘ఒబ్లోమొవ్‌షినా’ అనే పదంలో ఉన్నది అటువంటి ప్రత్యయమే. దాని స్వభావం తెలియనిదే నవల ఎవరిని తప్పుపడుతున్నదో తేలదని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

చరిత్రరీత్యా సంబంధార్థక విశేషణ ప్రత్యయమైన ‘స్క్’, నామప్రత్యయమైన ‘ఇనా’ కలిసి ధ్వనిమార్పుతో ‘షినా’ ఏర్పడింది. ఇది ఊరిపేరు మీద చేరితే ప్రాంతాన్ని తెలుపుతుంది. స్మొలేన్స్క్ పరిసర ప్రాంతం ‘స్మొలేన్‌షినా’. ఇందులో నింద లేదు. ఇదే ప్రత్యయం వ్యక్తినామం మీద చేరినప్పుడు అర్థం మారుతుంది. 1773–75 నాటి పుగచోవ్ తిరుగుబాటును ‘పుగచోవ్‌షినా’ అన్నారు. యెజోవ్ పేరుతో ముడిపడిన 1930ల నాటి భీభత్సాన్ని ‘యెజోవ్‌షినా’ అన్నారు. టాల్‌స్టాయ్ భావధారను మాత్రం సాధారణంగా ‘స్త్వొ’ ప్రత్యయంతో పేర్కొంటారు. అందులో నింద ధ్వనించదు. కాబట్టి ఆక్షేపణ పేరులో లేదు, ప్రత్యయంలో ఉంది. అయితే ప్రాంతార్థంలోనూ కాలార్థంలోనూ ‘షినా’ సూచించేది ఒక పరిధినే. పేరు ఒక్కరిది, పరిధిలో ఉన్నవారు అనేకులు.

నవలలో ఈ పరిధి క్రమంగా విస్తరిస్తుంది. ఒబ్లోమొవ్ మనిషి, ‘ఒబ్లోమొవ్కా’ అతని గ్రామం, ‘ఒబ్లోమొవ్‌షినా’ ఆ గ్రామం పెంచిన జీవనస్థితి. 1849లోనే విడిగా వెలువడిన స్వప్నభాగంలో చురుకైన బాలుడు తన పని తాను చేసుకోబోతే పెద్దలు వారించి సేవకులను పిలుస్తారు. అతని నిష్క్రియత్వం పుట్టుకతో వచ్చింది కాదు, నేర్పినది. స్నేహితుడు ష్టోల్ట్స్ ఈ మాటను ప్రయోగించిన సంభాషణలోనే ఒబ్లోమొవ్ తానొక్కడినే కాదంటూ మరికొన్ని ఇంటిపేర్లు వరుసగా చెబుతాడు. మిహైలొవ్, పెత్రోవ్ వంటి ఆ పేర్లన్నీ అతని పేరులాగే ‘ఒవ్’, ‘ఎవ్’ ప్రత్యయాంతాలు. ప్రత్యయసామ్యమే ఇక్కడ సామాజిక సామ్యమవుతుంది. నవల చివర ష్టోల్ట్స్ నోట ఈ పదం మళ్ళీ వినిపించే వేళకు ఒబ్లోమొవ్ జీవించి లేడు; అతని సేవకుడు జఖార్ బిచ్చగాడై కనిపిస్తాడు. యజమాని పేరుతో ఏర్పడిన పదం సేవకుణ్ణి కూడా తన పరిధిలోకి తీసుకున్నది.

ష్టోల్ట్స్ కూడా ఆ సమీపంలోనే పెరిగాడు గదా, అతడు చురుకైనవాడెలా అయ్యాడన్న ఆక్షేపం రావచ్చు. జర్మన్ అయిన అతని తండ్రి చిన్ననాటినుంచే కొడుకును పనిలో పెట్టాడు. అంటే ఈ పరిధికి హద్దు భూమి కాదు, పెంపకం.

దొబ్రొల్యూబొవ్ తన ప్రసిద్ధ వ్యాసానికి (1859) ‘ఒబ్లోమొవ్‌షినా అంటే ఏమిటి?’ అని పేరు పెట్టడం ఈ దృష్ట్యా సార్థకం. ఆయన ప్రశ్న ‘ఒబ్లోమొవ్ ఎవరు?’ అని కాదు. యజమాని తన సేవకుడికే లోబడిపోయిన వైనాన్ని ఆయన గుర్తించాడు. రష్యాలో భూదాస్యం రద్దు కావడానికి (1861) రెండేళ్ళ ముందు ఆ ప్రశ్నకు గల బరువు స్పష్టమే.

ఈ పదాన్ని తెలుగు చేయడంలో చిక్కు ఇక్కడే ఉంది. ఇంగ్లీషు మార్గాన వచ్చే ‘ఒబ్లోమొవిజం’లో అది ఒక సిద్ధాంతంగా ధ్వనిస్తుంది, ఒబ్లోమొవ్‌కు సిద్ధాంతం లేదు. ‘దాదాగిరి’లోని ‘గిరి’కి నింద ఉంది గాని అది చేష్టను తెలుపుతుంది, ఒబ్లోమొవ్‌ది చేష్టారాహిత్యం. ‘సోమరితనం’ అంటే దోషం వ్యక్తికే అంటుకొని వ్యవస్థ తప్పించుకుంటుంది. అయితే ‘తనం’ గుణానికే పరిమితం కాదు. ‘దొరతనం’, ‘పెత్తనం’ వంటి పదాలలో అది మనుషుల మధ్య ఉన్న అధికార సంబంధాన్ని చెబుతుంది. ఈ అర్థచ్ఛాయను ఆధారం చేసుకొంటే ‘ఒబ్లోమొవ్‌తనం’ అన్నిటికంటె దగ్గరి రూపం. అందులో లోపించేది సామూహిక నింద; దానిని సందర్భమే పూరించాలి. ప్రత్యయాన్ని ఎన్నుకొనే అనువాదకుడు ఒక పదాన్ని మాత్రమే ఎన్నుకోవడం లేదు. దోషి ఒబ్లోమొవా, ఒబ్లోమొవ్కానా అన్నదీ నిర్ణయిస్తున్నాడు.