అధిష్ఠాన పరిభాష

ఆలయమునకు పీఠమగు అధిష్ఠానమును వర్ణించు శిల్పశాస్త్రపదములను కావ్యాలంకారములుగా భావించువారు గలరు. పద్మము, కుముదము, కపోతము అను పేర్లు వినినంతనే శిల్పి పుష్పమును, పక్షిని రాతియం దనుకరించెనని తోచుట సహజము. పరిశీలించిన నీ యభిప్రాయము నిలువదు.

పాదబంధాధిష్ఠానమునందు క్రిందినుండి ఉపానము, జగతి, కుముదము, కంఠము, పట్టిక అను ప్రధానాంగములు వరుసగా వచ్చును. వీనిలో కుముదము పుష్పనామము; కంఠము దేహాంగము; పట్టిక వడ్రంగిపనిలోని పట్టెను స్ఫురింపజేయును. కుముదము గుండ్రముగా నున్నచో వృత్తకుముదము. పలకలు దీర్చినచో త్రిపట్టకుముదము. పలకలు దీరిన కలువ ప్రకృతియందు లేదు. కావున నీ పదము పుష్పరూపముకంటె, జగతికిని కంఠమునకును నడుమ ముందునకు పొంగివచ్చు స్థానమునే ముఖ్యముగా దెల్పుచున్నది. పేరు ప్రకృతినుండి వచ్చినను అర్థము నిర్మాణమునుండి వచ్చినది.

పదములన్నియు నిట్లు ప్రకృతికి దూరమైనవి కావు. అలంపురమున బాదామి చాళుక్యుల నాటి ఆలయశిఖరములపై నున్న ఆమలకము నిజముగా నుసిరికాయవలె చీలికలు దీరియున్నది. పనిముట్ల ప్రభావమునకు గుంటుపల్లి గుహ సాక్ష్యము. అచటి వర్తులచైత్యపు కప్పున కఱ్ఱవాసములను రాతియందే తొలిచిరి. అవి లేకున్నను కప్పు కూలదు. అయినను శిల్పి వడ్రంగము నేర్పిన రూపమును విడువలేదు. అట్టి చైత్యముల ముఖముననుండు వంపే తరువాతి యాలయములందు చిన్నదై, కపోతముపై నాసికగా మిగిలెను.

ఈ పరిభాషను ఆధునికపాఠకులకు దెల్పిన తొలిగ్రంథములలో, 1834లో లండనున రాయల్ ఏషియాటిక్ సొసైటీ 48 చిత్రఫలకములతో ప్రకటించిన రామ్‌రాజు హిందూవాస్తుగ్రంథము ముఖ్యము. శాస్త్రమును శిల్పుల సాహాయ్యమున బోధపఱచుకొనుట దాని గుణము. గ్రీకు, రోమను స్తంభశైలులతోడి పోలికకు ప్రాధాన్య మిచ్చుట లోపము. పోలికవలన రూపము తెలియునేకాని, పదమున కా స్థాన మెట్లబ్బెనో తెలియదు. 1927లో ప్రసన్నకుమార ఆచార్యులు వెలువరించిన వాస్తునిఘంటువు ప్రయోగములను గూర్చి యా కొఱతను కొంత దీర్చెను.

అయినను నిఘంటువొక్కటియే చాలదు. శాస్త్రము అధిష్ఠానపుటెత్తును భాగములు చేసి యొక్కొక్క యంగమునకు ఇన్నియని పంచును. పేరు రూపమును, అంశము కొలతను నిచ్చును. రెండును గూడినప్పుడే పలువురు శిల్పు లొకే గోడపై పనిచేసినను వరుస తప్పదు. కొలతను విడిచి పేరు మాత్రమే నేర్చినవాడు పద్మమును పువ్వనియే చదువును. పేరును మఱచి కొలతనే పట్టుకొనినవాడు జీర్ణోద్ధరణమున కుముదమున్నచోట సిమెంటుగట్టు పోయును. పండితుని నోటను, శిల్పి చేతను ఏకకాలమున నున్నంతవఱకే యీ పరిభాష బ్రదికియుండును.