కల ఎవరిది? లాభం ఎవరికి? - ‘ఇన్‌సెప్షన్’ చిత్రంపై ఒక అభిప్రాయం

క్రిస్టఫర్ నోలన్ రచించి, దర్శకత్వం వహించిన ‘ఇన్‌సెప్షన్’ (2010) చిత్రాన్ని నేను నాలుగుసార్లు చూశాను. ఈ మాట మన మిత్రుల ముందు ఒప్పుకోవటానికి కొంత సంకోచం లేకపోలేదు. హాలీవుడ్ చిత్రం అనగానే పెదవి విరవటం మనకు అలవాటు. సినిమా పిచ్చి నాకు చిన్ననాటి నుంచీ ఉంది. ఇష్టపడ్డదాన్ని పరీక్షించకుండా వదలటం విమర్శకుడికి తగదు. పరీక్షించకుండా తిట్టటం అంతకంటే తగదు.

ముందుగా ఇతివృత్తం. కాబ్ ఇతరుల కలల్లోకి చొరబడి రహస్యాలు దొంగిలించే మనిషి. భార్యను చంపాడన్న అభియోగం వల్ల అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళలేని స్థితి అతనిది. సైటో అనే జపాన్ వ్యాపారి అతనికొక పని అప్పగిస్తాడు. సైటో పోటీదారుడైన ఫిషర్ మరణశయ్య మీద ఉన్నాడు. వారసుడైన రాబర్ట్ మనసులో, తండ్రి వ్యాపార సామ్రాజ్యాన్ని ముక్కలు చేయాలన్న ఆలోచన నాటాలి. అది జరిగితే కాబ్ మీది కేసు పోతుంది.

శిల్పం విషయంలో నోలన్ సమర్థుడని ఒప్పుకోవాలి. కలలో కల, అందులో మరొక కల. పది గంటల విమాన ప్రయాణం మొదటి కలలో వారం, రెండో కలలో ఆరు నెలలు, మూడో కలలో పదేళ్ళు. పై కలలో వ్యాను దొర్లితే కింది కలలో హోటలు నడవా గిర్రున తిరుగుతుంది. ఆ నడవాను నిజంగానే తిరిగేలా కట్టి చిత్రీకరించారు. ‘కళాపూర్ణోదయం’ చదివినవారికి కథలో కథ కొత్త కాదు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమిమీద జరిగి తీరటం సూరన కల్పన. అయినా ఇన్ని పొరల్ని 148 నిమిషాల్లో, ప్రేక్షకుడు దారి తప్పకుండా నడిపించటం సామాన్యం కాదు.

చివరి దృశ్యంలో బల్లమీద ఒక బొంగరం తిరుగుతుంటుంది. అది పడితే కాబ్ మెలకువలో ఉన్నట్టు, పడకపోతే కలలో ఉన్నట్టు. “మాస్టారూ, ఇంతకూ అది పడుతుందంటారా?” అని నా పూర్వ విద్యార్థి ఒకడు ఎప్పుడు కలిసినా అడుగుతాడు. రెండుసార్లు నేనూ ఆ ప్రశ్నతోనే బయటికి వచ్చాను. మూడోసారి చూసినప్పుడు నా దృష్టి రాబర్ట్ మీద పడింది.

మూడో కలలో రాబర్ట్ తండ్రి పెట్టెను తెరుస్తాడు. అందులో తన చిన్ననాటి కాగితం గాలిమర కనిపిస్తుంది. ‘నాలా కావద్దు, నీ బతుకు నువ్వు బతుకు’ అన్నదే తండ్రి కోరిక అని నమ్మి ఏడుస్తాడు. అక్కడ నాకూ కన్నీళ్ళు వచ్చాయి. కాని ఆ కన్నీళ్ళు పోటీ వ్యాపారి డబ్బిచ్చి చేయించినవి. ఆలోచన బయటిదని తెలిస్తే మనసు తిరస్కరిస్తుంది, తనలోనే పుట్టిందనిపించాలి. అందుకు ద్వేషం కంటే ఆప్యాయత మంచి సాధనం. ఇదీ కాబ్ ముఠా సూత్రం. పాలకవర్గ భావజాలం ఎలా పనిచేస్తుందో వ్యాసాల్లో వివరించటానికి మనం తంటాలు పడుతుంటాం. ఈ చిత్రం దాన్ని కళ్ళకు కట్టింది. దర్శకుడు ఉద్దేశించాడా లేదా అన్నది వేరే విషయం.

చిత్రం పరిమితి కూడా ఇక్కడే ఉంది. పూర్వం కాబ్ తన భార్య మాల్ మనసులో ‘ఈ లోకం నిజం కాదు’ అన్న భావం నాటాడు. మెలకువ వచ్చాక కూడా అది ఆమెను వదల్లేదు. చివరికి ప్రాణం తీసుకుంది. ఆ అపరాధభావం చిత్రమంతా అతన్ని వెంటాడుతుంది. మరి రాబర్ట్ గతి ఏమిటి? అతని బుర్రలో నాటింది రేపు ఏం చేస్తుంది? ముఠాలో ఎవరూ ఈ ప్రశ్న గట్టిగా అడగరు. ఫిషర్ సంస్థ ప్రపంచ ఇంధనాన్ని గుప్పిట్లో పెట్టుకోబోతోంది కదా అని కొందరు వాదించవచ్చు. ఆ మాట అంటున్నది పోటీదారుడే అని మరవరాదు. పని సులువు కావటానికి సైటో ఏకంగా విమాన సంస్థనే కొంటాడు. హాలు నవ్వుతుంది. అతని ఒక్క ఫోనుతో హత్యాభియోగం మాయమవుతుంది. హాలు ఊపిరి పీల్చుకుంటుంది. కాలం సాగింది, పారిస్ వీధులు మడతపడ్డాయి, గురుత్వాకర్షణ తప్పిపోయింది. డబ్బుకున్న అధికారం మాత్రం అంగుళం కదల్లేదు. బొంగరం వైపు చూస్తూ మనం దాన్ని గమనించం.

మన రచయితలు ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. కథలు రాసేటప్పుడు మనం చేసేదీ ఆలోచన నాటటమే. బడిలో నేను చేసేదీ అదే. పాఠకుడికి తెలియకుండా, అతని కన్నీళ్ళను ఆసరా చేసుకుని నాటితే, ఆశయం ఎంత గొప్పదైనా కాబ్ పద్ధతికీ మన పద్ధతికీ తేడా ఉండదు. ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరికి మేలు చేస్తుందో రచనలోనే కనిపించాలి. కాదనే హక్కు పాఠకుడికి మిగలాలి. నా ఇష్టం తగ్గలేదు కాబట్టి ఈ చిత్రాన్ని అయిదోసారి కూడా చూస్తాను. బొంగరం సంగతి మాత్రం నా విద్యార్థికే వదిలేస్తాను.