చిత్రవిద్యయు సహవాసమును

దామెర్ల రామారావుగారిని గూర్చి మన పత్రికలలో వెలువడిన వ్యాసములను వరుసగా చదివినవారి కొక సంగతి తోచక మానదు. పూర్వజన్మ సంస్కారము, దైవదత్తమైన ప్రతిభ, అకాలమరణము: ఈ మూడు మాటలతోనే వ్యాసములన్నియు నడచును. ఆయన యెవరియొద్ద నేర్చుకొనెను, ఎవరితో కలిసి తిరిగెను, ఏ యింట కూర్చుండి బొమ్మలు వ్రాసెను అను ప్రశ్నలకు వానిలో రెండు పంక్తులకు మించి చోటుండదు. ఇది స్తోత్రమే కాని విమర్శ కాదు. పైగా దీనివలన నొక కీడును గలదు. చిత్రకారుడు పుట్టుకచేతనే యగునన్నచో చిత్రకళాశాల యేల? పిల్లవానిని నాలుగు మాసములు పరాయియూర నుంచి, భోజనమునకును బసకును సొమ్ము కట్టి చదివించుట యేల? మన తలిదండ్రులు నేడు వేయుచున్న ప్రశ్న యిదియే. ఆ ప్రశ్నను వారికి నేర్పినది మన విమర్శకులే యని నా యభిప్రాయము.

మన యాలంకారికులు ఈ విషయమున ఇంతకంటె జాగరూకులు. మమ్మటుడు కావ్యప్రకాశమున శక్తిని, లోకశాస్త్రాదుల పరిశీలనమువలన గలుగు నైపుణ్యమును, అభ్యాసమును చెప్పి, ఆ మూడింటిని కలిపి యొక్కటే హేతువన్నాడు, మూడు హేతువులనలేదు. ఆ యేకవచనము మీద వ్యాఖ్యాతలు చేసిన చర్చ మాకు విద్యార్థిదశలో విసుగు పుట్టించెడిది గాని, ఇప్పుడాలోచింపగా అందే సారమంతయు నున్నది. శక్తి వేఱుగను, శిక్ష వేఱుగను పనిచేయవు. అదియుగాక ఆయన చెప్పిన యభ్యాసము ఒంటరిగా చేయునది కాదు, కావ్యజ్ఞుల శిక్షలో చేయునది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవి పగటిని నాలుగు జాములుగా విభజించి, రెండవజామున రచనయు, భోజనానంతరము గోష్ఠియు, నాలుగవజామున ఉదయము వ్రాసినదానిని ఒంటరిగానో కొలదిమందితోనో పరీక్షించుటయు విధించినాడు. రసావేశమున వ్రాయువానికి వివేచనదృష్టి యుండదు కనుక ఆ పరీక్ష యావశ్యకమని కారణమును చెప్పినాడు. కవి యను మాట తీసి చిత్రకారుడని చేర్చినచో, వసతిగల యే మంచి చిత్రకళాశాలయొక్క దినచర్యయైనను ఇంచుమించు ఇదే యగును.

రామారావుగారి చరిత్ర యీ మాటకే సాక్ష్యము. ఆయన 1897లో రాజమహేంద్రవరమున జనించిరి. అక్కడి ప్రభుత్వ కళాశాలకధ్యక్షుడైన ఆస్వాల్డు కూల్డ్రేదొర ఆయన చేతిపని గుర్తించి చేరదీసెను. ఆ దొర ప్రోత్సాహముననే ఆయన బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్లిరి. 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాపాఠశాల నెలకొల్పిరి. 1925లో మశూచికము సోకి, ఇరువదియెనిమిదేండ్లైనను నిండకుండ గతించిరి. ఇక్కడ మన వ్యాసకర్తలు కన్నీరు తుడుచుకొని కలము క్రింద బెట్టుదురు. అసలు చూడవలసిన దటుపిమ్మట జరిగినది. గురువు పోయినను పాఠశాల పోలేదు. వరద వెంకటరత్నముగారు దానిని చిరకాలము నడపిరి. రామారావుగారి చిత్రములను చెదరనీయక కాపాడినదియు ఆ శిష్యబృందమే. ఆ గుంపులో రామారావుగారి భార్య సత్యవాణిగారును ఉండిరి. ఆమెయు చిత్రములు వ్రాసిరి. ప్రతిభ యొక్కటే మూలమైనచో ఆయనతోనే సర్వమును ముగిసియుండవలసినది. ముగియలేదు. కారణము, రెండేండ్లపాటు కొందఱు కలిసి కూర్చుండి పనిచేయుట యలవాటు చేసికొనిరి.

బందరు సంగతియు నిట్టిదే. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర జాతీయకళాశాలకు వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయులవారు వచ్చి చిత్రకళ బోధించిరి. భీమవరము ప్రాంతపు సరిపల్లెలో 1895లో పుట్టిన అడివి బాపిరాజుగారు అక్కడ ఆయనకు శిష్యులు; తరువాత 1930ల నడుమ ఆ కళాశాలకే అధ్యక్షులు. బాపిరాజుగారి నవలలలో చిత్రకారుడు, గాయకుడు, నర్తకి ఒకే చావడిలో మెలగుచుందురు. దీనిని కొందఱు విమర్శకులు కవి భావనాలోలత యని కొట్టివైచిరి. నే నొప్పుకొనను. ఆయన వ్రాసినది తాను బ్రతికిన బ్రతుకునే. విష్ణుధర్మోత్తరమున చిత్రసూత్రమడిగిన వజ్రునకు మార్కండేయుడు, నృత్తము తెలియక చిత్రము తెలియదనియు, వాద్యము తెలియక నృత్తము తెలియదనియు, గీతము లేక వాద్యము లేదనియు క్రమముగా చెప్పుకొనిపోయినాడు. ఇవన్నియు నొక్కచోట దొరకవలెనన్న బడిగంటల మధ్య దొరకవు. కలిసి నివసించు చోటనే దొరకును.

శాంతినికేతనమున 1919లో ఆరంభమైన కళాభవనమును దీనికి పెద్దయుదాహరణముగా చెప్పుదురు. అక్కడి చిత్రములను పొగడువారు అక్కడి విద్యార్థుల బసను చూడరు. నందలాల్ బోసుగారి కాలమున విద్యార్థుల నివాసముగా కట్టిన నల్లయిల్లు మట్టితో కట్టినది, తారుపూతతో నల్లనైనది. దాని గోడలమీద విద్యార్థులును అధ్యాపకులును కలిసి శిల్పములు తీర్చిరి. మఱియొక వసతిగృహపు పైకప్పున 1940లో వినోదవిహారి ముఖర్జీగారు వీరభూమి పల్లెబ్రతుకును చిత్రించిరి: నడుమ నొక చెఱువు, చుట్టును చెట్లు, పశువులు, మనుష్యులు. రాత్రి మంచముమీద వెల్లకిల పండుకొన్న విద్యార్థికి కన్నెదుట నుండునది పాఠమే. ఇంతకంటె గొప్ప పాఠ్యగ్రంథము నేనెఱుగను. చూపు మందగించుచున్న యొక యుపాధ్యాయుడు దానిని వ్రాసెననునది జ్ఞప్తియందుంచుకొన్నచో దాని విలువ యింకను హెచ్చును.

ఇక కాలపరిమితి మాట. ఒక సెమిస్టరు, అనగా నాలుగైదు మాసములు, బసచేసి నేర్చుకొను పద్ధతి యిప్పుడు విదేశములందు విరివిగా నున్నది; మన విశ్వవిద్యాలయములును చదువును సెమిస్టరులుగనే కొలుచుచున్నవి. ఇంత స్వల్పకాలమున ఏమగునని పెదవి విఱచువారికి జర్మనీలోని బౌహౌస్ కళాశాలను చూపవచ్చును. 1919లో వైమారునందు వెలసిన ఆ కళాశాలలో, ఇట్టెన్ అను గురువు పర్యవేక్షణమున, ప్రతి విద్యార్థియు మొదట నాఱుమాసముల ప్రారంభశిక్షణ పొందవలసియుండెను. ఆ యాఱుమాసములలో వానిచేత గొప్ప చిత్రములు వ్రాయింపలేదు. కొయ్యను, గుడ్డను, గాజును, ఈకను చేత తడిమి తెలిసికొనుమనిరి. పూర్వము నేర్చిన యనుకరణమును మఱువుమనిరి. పిమ్మటనే పనిశాలకు పంపిరి. మఱపించుటకు అర్ధసంవత్సరము చాలును. నేర్పుటకు చాలదు. ఈ భేదము తెలియక, సెమిస్టరు చివర చేతికి వచ్చు పత్రమును చూచి పిల్లవాడు చిత్రకారుడైనాడనుకొనుట పొరపాటు. కాకున్నచో సొమ్ము దండుగయైనదనుకొనుట అంతకంటె పెద్ద పొరపాటు.

నిజమునకా స్వల్పకాలమున కలుగు లాభము మఱియొకటి. మా తాడేపల్లిగూడెము వైపు పిల్లవాడు ఇంట బొమ్మ వేసినచో దానిని చూచువారు ఇద్దఱే: బాగున్నదను తల్లి, లెక్కలు చేసితివా యను తండ్రి. ఈ రెండు మాటలును విమర్శలు కావు. వసతిగృహమున ప్రక్కమంచముమీది వాడు మూడవమాఱు పాడుచేసి నాలుగవమాఱు మొదలుపెట్టుట వాని కన్నులకు కనబడును. ఆ వైఫల్యమును చూచుటయే శిక్షణలో సగము. మ్యూజియములలో మనము చూచునవి తుదకు నిలిచిన చిత్రములు. చింపివేసినవి చూడవలెనన్న కలిసి కాపురముండవలసినదే. అక్కడను కలహములుండును, పప్పు నీళ్లుగా నుండును, ఇంటిమీద బెంగ యుండును. రంగుడబ్బా యెరువు తీసికొని తిరిగి యీయని మిత్రులుందురు. దానిని నేను దాచను. కాని ఒక పంక్తిని భోజనముచేసి యొకరి బొమ్మ నొకరు నిర్మొగమాటముగా తప్పుపట్టుట యెఱిగినవారికి కులాభిమానము కొంత సడలుటయు గలదు. సంస్కరణోపన్యాసములు పెక్కు చేయలేనిది ఆ పంక్తి చేసిన సందర్భము లున్నవి.

దీనికి సరిగా నెదురుచోట మన బడుల చిత్రలేఖన బోధన నిలుచును. మన రాష్ట్రమున చిత్రలేఖన పరీక్షలలో నుత్తీర్ణుడైనవాడు 42 దినముల వేసవి శిక్షణము పొంది ఉపాధ్యాయత్వమున కర్హుడగును. దినములు తక్కువయని నేననను. అవి మండువేసవిలో, ఇంటినుండి వచ్చిపోవుచు, పాఠబోధనవిధులు వల్లించుచు గడచునవి. అందు నాలుగవజాము లేదు. అట్టి శిక్షణమున తయారైనవాడు బడిలో మామిడిపండును, జాతీయపతాకమును నల్లబల్లమీద వేసి చూచి వ్రాయుమనును. తానును అట్లే నేర్చుకొనెను గదా!

మన సీమలో చూచి వ్రాయదగినది లేక కాదు. కామవరపుకోట చేరువ గుంటుపల్లి గుహలలో గుండ్రని చైత్యమున్నది. క్రీస్తుపూర్వపు శిల్పి ఱాతి కప్పులోపల కొయ్యవాసములను పోలిన దూలములు చెక్కినాడు. పూరింటి కప్పును ఱాతికెట్లు దింపినాడో గీతతో పట్టుకొనుట కొక వారము చాలదు. ఏలూరు తివాచీల మగ్గములయొద్ద ముడివెనుక ముడి వేయు నేతగానివలన రంగుల యిరుగుపొరుగు ధర్మము తెలియును. ఇక కొల్లేరు. బుడమేరు తమ్మిలేరులను త్రాగి ఉప్పుటేటిద్వారా సముద్రమునకు విడుచు నా సరస్సు ఋతువు ఋతువునకు రూపు మార్చును. అది 2002లో రాంసార్ చిత్తడినేలల పట్టికకెక్కినది. 2006లో ప్రభుత్వము అందలి చేపలచెఱువుల గట్లను పెద్దయెత్తున తెగగొట్టించినది. నీరెచ్చట ముగియును, గట్టెచ్చట మొదలగును అను ప్రశ్న అక్కడ చిత్రకారునకును జాలరికిని అధికారికిని సమానమే. ఆటపాకలో గూడబాతులు వాలిన చెట్టును ఒక్కమాఱు చూచి ఛాయాచిత్రము తీసికొని పోవచ్చును. కాని వానరాకమునుపును, వచ్చిన పిమ్మటను, శీతకాలమునను అదే గట్టుమీద కూర్చుండి వ్రాసినవానికి దొరకునది వేఱు. ఒక సెమిస్టరున రెండు ఋతువులైనను చేతికి దొరకును. ఏలూరులోనో కైకలూరులోనో పదిమందికి బసయు, ఒక్క మంచి గురువును ఏర్పరచుటకు పెద్ద భవనములక్కఱలేదు. నల్లయింటిని మట్టితోనే కట్టిరి.

ఆడుపిల్లల విషయమున నా మాట కొంత కటువుగా నుండును. బౌహౌస్ అధ్యక్షుడు గ్రోపియస్ స్త్రీపురుషులకు భేదములేదని ప్రకటించెను; కాని వచ్చిన స్త్రీలు ఎక్కువయగుటతోడనే వారిని నేతశాలవైపు మరలించిరి. వారిలో గుంటా ష్టోల్ట్‌జెల్, అనీ ఆల్బర్సు వంటివారు ఆ నేతనే లోకము మెచ్చు కళగా తీర్చిరి. అది వారి ఘనత. కళాశాల న్యాయము కాదు. మన నరసాపురపు లేసుపని వారింకను వెనుకబడిన చోట నున్నారు. మేరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ప్రకటించిన గ్రంథమున, ఆ స్త్రీలు దినమున పెక్కుగంటలు అల్లుచున్నను వారిని కార్మికులుగా నెవరును లెక్కింపరనియు, వారి పనికి ‘తీఱికవేళ పని’ యను పేరు పెట్టి కూలి తగ్గింతురనియు నిరూపించినది. వేళ్లకంతటి నేర్పు, కంటి కంతటి లెక్క గల స్త్రీలకు మనమిచ్చిన పాఠశాల వంటయింటి గడప.

వసతిగల కళాశాల ఆడుపిల్లకు మగపిల్లవానికంటె నెక్కువ యవసరమని నేననుట యిందువలననే. ఆమెకక్కడ దొరకు మొదటి విద్య గీత కాదు, రంగు కాదు, వేళ. ఉదయము నాలుగు గంటలు ఎవరును పిలువకుండ నొకపనిమీద కూర్చుండుట యన నేమో ఆమె పుట్టినది మొదలు ఎఱుగదు. కొల్లేటి లంకగ్రామపు తండ్రి యొకడు, ఇంటర్మీడియటు ముగించిన కూతురిని దూరదేశపు కళాశాలకొక సెమిస్టరు పంపవచ్చునా యని నన్నీ నడుమ నడిగెను. బస భద్రమా, ఖర్చెంత, తరువాత ఉద్యోగము వచ్చునా యనునవి ఆయన ప్రశ్నలు. మొదటి రెండును న్యాయమైనవి, విచారించి చెప్పితిని. మూడవదానికి రాదనియే చెప్పితిని. నాలుగవ ప్రశ్న ఆయన యడుగలేదు, నేనే యడిగితిని: ఆమె తిరిగివచ్చిన పిమ్మట ఇంట నామెకు బల్లయెక్కడ వేయుదువని. ఆయన కొంతసేపాలోచించి, ధాన్యపు బస్తాలున్న ఉత్తరపు గది యొకటి యున్నదనియు, పంట అమ్మిన పిమ్మట ఖాళీచేయవచ్చుననియు చెప్పెను. ఉత్తరపు వెలుతురు చిత్రలేఖనమునకు మంచిదని నేనంటిని. కిటికీ యున్నదా యని యడిగితిని, లేదు, పెట్టింపవలెననెను.