ఇద్దరు పెయింటు వ్యాపారులు, ఒక ఆయిల్ కంపెనీ ఆఫీసరు

షేర్వుడ్ ఆండర్సన్ కథలు చదవనివాళ్ళలో కూడా కొందరికి ఆయన ఆఫీసు వదిలేసి వెళ్ళిపోయిన కథ తెలుసు. 1912 నవంబరు 28న, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఎలీరియా అనే పట్నంలో జరిగింది. ఆండర్సన్‌కి అప్పుడు 36 ఏళ్ళు. భార్య, ముగ్గురు పిల్లలు, ఇంటి కప్పులకి వేసే పెయింటుని పోస్టులో ఆర్డర్లు తీసుకుని అమ్మే ఒక కంపెనీ. ఆ రోజు సెక్రటరీతో పొంతన లేని మాటలేవో అని, బయటికి నడిచి, వ్యాపారానికి దణ్ణం పెట్టేసి రచయిత అయిపోయాడు. 1924లో అచ్చైన 'ఎ స్టోరీ టెల్లర్స్ స్టోరీ'లో ఆయనే దాదాపు ఇలా చెప్పుకున్నాడు. కాస్త పిచ్చెక్కిందనుకుంటే జనం క్షమించి వదిలేస్తారని, కావాలనే అలా మాట్లాడానన్నాడు.

మంచి కథ. రాత్రి తొమ్మిదింటికి కూడా క్లయింట్ కాల్‌లో కూర్చుని ఉండేవాళ్ళకి మరీ మంచి కథ. 'ఈఎంఐలు అయిపోగానే మానేసి నవల రాస్తా' అనేవాళ్ళు మనందరి స్నేహితుల్లోనూ ఉంటారు. వాళ్ళకి ఇది ధైర్యం ఇస్తుంది. ఆ ధైర్యంతో నాకు పేచీ లేదు. కానీ ఈ కథ మనచేత ఆండర్సన్ పుస్తకాలని తప్పుగా చదివిస్తుంది. వ్యాపారం ఒకవైపు, సాహిత్యం ఇంకోవైపు, మధ్యలో ఒక తలుపు, అది దాటితే చాలు అనిపించేలా చేస్తుంది.

నడివయసులో వ్యాపారం నుంచి వచ్చి పేరు తెచ్చుకున్న ముగ్గురిని, ఆండర్సన్‌నీ, ఇటాలో స్వేవోనీ, రేమండ్ చాండ్లర్‌నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు వేరే సంగతి కనిపించింది. వ్యాపారాన్ని వదిలెయ్యడం వల్ల వాళ్ళ పుస్తకాలు మంచివి కాలేదు. బేరంలో, బాకీలో, లెక్కల పుస్తకంలో మనిషి ఎదుటివాడికీ తనకీ ఒకేసారి అబద్ధం చెప్పుకునే తీరు వాళ్ళకి తెలుసు. అది వాక్యంలోకి వచ్చిన చోటల్లా ఆ పుస్తకాలు నిలబడ్డాయి.

ముందు ఆండర్సన్ సంగతి. ఆఫీసు నుంచి వెళ్ళిపోయిన కొన్ని రోజులకి ఆయన క్లీవ్‌లాండ్‌లో, తనెవరో సరిగ్గా చెప్పలేని స్థితిలో దొరికితే ఆసుపత్రిలో చేర్చారు. అది తెలివిగా వేసిన ఎత్తు కాదు, మనిషి కుప్పకూలిపోవడం. కంపెనీ అప్పటికే ఇబ్బందుల్లో ఉంది. మర్నాడు పొద్దున్నుంచి రచయిత అయిపోలేదు. 1913లో షికాగో చేరి, అంతకు ముందు చేసిన పనికే, యాడ్ ఏజెన్సీలో ప్రకటనలు రాసే పనికే తిరిగి వెళ్ళాడు. 1915లో 'వైన్స్‌బర్గ్, ఒహాయో' కథలు మొదలుపెట్టినప్పుడూ అదే ఉద్యోగం. పుస్తకం 1919లో వచ్చింది. ప్రకటనల పని పూర్తిగా మానేసింది 1922లో. అంటే ఆ తలుపు దాటడానికి పదేళ్ళు పట్టింది. ఈలోపు 1916లో విడాకులయ్యాయి, పిల్లల్ని పెంచింది భార్య కార్నీలియా. ఉద్యోగం వదిలిన కథలో ఆవిడ ఎక్కడా కనిపించదు.

రాయడం మొదలైంది కూడా తలుపు అవతల కాదు. మొదటి రెండు నవలల చిత్తుప్రతులు ఎలీరియాలో పెయింటు అమ్ముతున్న రోజుల్లోనే రాసుకున్నాడు. వాటిలో ముందు అచ్చైనది 'విండీ మెక్‌ఫర్సన్స్ సన్' (1916). దీని హీరో శామ్ చిన్న ఊరి నుంచి షికాగో వచ్చి, ఆయుధాల కంపెనీలో పైపైకి ఎదిగి, ఒకరోజు అంతా వదిలేసి సత్యం వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఆండర్సన్ తను నిజంగా వెళ్ళిపోకముందే వెళ్ళిపోవడం గురించి రాయడం మొదలుపెట్టాడన్నమాట. నవలలో బలహీనమైన భాగం కూడా సరిగ్గా అదే. డబ్బు కోసం పాకులాడే కుర్రాడు మొదటి భాగంలో కళ్ళకి కడతాడు. శామ్ అన్నీ వదిలాక మాత్రం ఊళ్ళు మారుతుంటాయి, మనుషులు ఎదురవుతుంటారు, ఏదీ మనసుకి అంటుకోదు. వదిలెయ్యడం ఒక కోరిక. కోరికలో కథ ఉండాలనేం లేదు.

ఇప్పుడు 'వైన్స్‌బర్గ్'లో 'క్వీర్' అనే కథ చూడండి. కౌలీ అండ్ సన్ అని ఒక దుకాణం. అన్నీ అమ్ముతుంది, ఏదీ అమ్మదు. తండ్రి పల్లె నుంచి పట్నం వచ్చి దుకాణం పెట్టాడుగానీ ఆ విద్య తెలీదు. ఊళ్ళు తిరిగి సరుకు అంటగట్టే సేల్స్‌మన్లకి కాదని చెప్పలేక అక్కర్లేనివన్నీ కొని పెట్టుకుంటాడు. ఒకరోజు అలాంటి సేల్స్‌మన్ ఒకడు కాలరు బొత్తాలకి బదులు వాడే కొత్త వస్తువేదో అమ్మబోతుంటే, కొడుకు ఎల్మర్ రివాల్వర్ చూపించి బయటికి తరిమేస్తాడు. తరిమేశాక అతని భయం ఒక్కటే: ఊరంతా మమ్మల్ని వింత మనుషులనుకుంటోంది. కాదని ఎవరికైనా చెప్పాలి. స్థానిక పత్రికలో పనిచేసే కుర్రాణ్ణి రాత్రిపూట రైలు దగ్గరికి పిలిపించుకుంటాడు. మాట రాదు. చెప్పలేక, అతణ్ణి కొట్టి, కదులుతున్న రైలెక్కి పారిపోతాడు.

ఈ కథ రాసిన మనిషి జీవితమంతా మాటలు అమ్మాడని గుర్తుపెట్టుకుని చదవండి. సరుకు అంటగట్టే మాటల్లోని తియ్యదనం ఆయనకి లోపల్నుంచి తెలుసు. కథని మాత్రం అమ్మేవాడి వైపు నుంచి చెప్పలేదు. ఆ మాటల ముందు నోరు పెగలనివాళ్ళ వైపు నుంచి చెప్పాడు. 'వైన్స్‌బర్గ్'లో దాదాపు ప్రతి మనిషీ ఏదో చెప్పాలని వస్తాడు, చెప్పలేకపోతాడు. ప్రకటనలో ప్రతి వాక్యానికీ గురి ఉంటుంది, ఈ పుస్తకంలో వాక్యాలు గురి తప్పుతూ ఉంటాయి. అది చేతకానితనం కాదు. గురి చూసి కొట్టడం బాగా వచ్చినవాడు కావాలని మానెయ్యడం.

స్వేవోది దీనికి పూర్తిగా ఎదురు దారి. చిత్రంగా ఆయనదీ పెయింటు వ్యాపారమే. అసలు పేరు ఎటోరె ష్మిట్జ్. అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉన్న ట్రియెస్టె రేవుపట్నంలో 1861లో పుట్టాడు. బ్యాంకు గుమాస్తాగా ఉంటూ 1892లో, 1898లో రెండు నవలలు అచ్చు వేసుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1899లో అత్తగారి వాళ్ళ కంపెనీలో చేరాడు. ఓడల అడుగున నాచూ గుల్లలూ పట్టకుండా వేసే పెయింటు వాళ్ళ సరుకు, ఫార్ములా కుటుంబ రహస్యం. లండన్ దగ్గర చార్ల్టన్‌లో కూడా ఫ్యాక్టరీ పెట్టారు. ఆ పనికి ఇంగ్లీషు కావాల్సొచ్చి 1907లో పెట్టుకున్న ట్యూషన్ మాస్టరు ఎవరో కాదు, జేమ్స్ జాయిస్. పాతిక సంవత్సరాల తర్వాత 1923లో సొంత డబ్బుతో 'జేనోస్ కాన్షన్స్' వేశాడు. అప్పటికి 61 ఏళ్ళు. జాయిస్ పూనుకుని పారిస్‌లో చదివించాక గానీ పేరు రాలేదు. 1928లో కారు ప్రమాదం తర్వాత చనిపోయాడు. కీర్తి అనుభవించింది రెండు మూడేళ్ళు.

జేనో అనే ధనవంతుడు తన మానసిక వైద్యుడి కోసం రాసిన జ్ఞాపకాలు ఈ నవల. ఇదే చివరి సిగరెట్టని తేదీ వేసుకుంటాడు. గడువు దాటుతుంది, కొత్త తేదీ వేసుకుంటాడు. దీన్ని అందరూ మనస్తత్వశాస్త్రం కోణంలోంచే చదువుతారు. నాకు మాత్రం బ్యాంకు గుమాస్తా కనిపిస్తాడు. బాకీ తీర్చలేనివాడు గడువు రోజున వచ్చి నోటు తిరగరాసి వెళ్ళడం మనకి తెలిసిందే కదా. జేనో తనకి తనే బాకీ, తనే నోటు తిరగరాస్తుంటాడు. ఆ తిరగరాసే రోజున అతనికి కలిగే హాయి, అప్పు తీరిపోయినంత హాయి, పుస్తకంలో అసలు హాస్యం.

తోడల్లుడు వరసయ్యే గ్విడో పెట్టిన కంపెనీ గురించిన అధ్యాయం చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. కాపర్ సల్ఫేట్ కొనుగోలులో నష్టం, దాన్ని కప్పిపుచ్చడానికి లెక్కల్లో చేసే మార్పులు, పక్కనే కూర్చుని మంచి మనసుతో సాయపడుతున్నానని నమ్మే జేనో. ఇంత నెమ్మదిగా, ఎంట్రీ తర్వాత ఎంట్రీగా ఒక మనిషి మునిగిపోవడం, వ్యాపారం తెలియని రచయిత రాసి ఉంటే రెండు పేజీల్లో దివాలా తీయించేవాడు. చివర్లో యుద్ధకాలంలో సరుకు కొని లాభం వచ్చాక, నాకు జబ్బు నయమైంది, వ్యాపారమే నన్ను బాగుచేసింది అని జేనో ప్రకటిస్తాడు. డాక్టర్ల మీద ఇది వెక్కిరింతా, వ్యాపారం మీద వెక్కిరింతా అన్నది స్వేవో తేల్చడు.

స్వేవోది కోమటి ఇటాలియన్ అన్నట్టు, భాష బాగాలేదని అప్పటి విమర్శకులు సణిగారు. ఇంట్లో ట్రియెస్టె యాస, చదువు జర్మన్‌లో. దీనికి జవాబు నవలలోనే ఉంది: యాసలో బతికేవాళ్ళం గ్రాంథికంలో చెప్పే ప్రతి మాటా కొంత అబద్ధమే అవుతుందని జేనో అంటాడు. మాండలికం గురించి ఇన్నేళ్ళు వాదించుకున్న మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మూడోవాడు చాండ్లర్. లాస్ ఏంజిలిస్‌లో డాబ్నీ ఆయిల్ సిండికేట్‌లో వైస్ ప్రెసిడెంట్ దాకా వెళ్ళి, తాగుడూ గైర్హాజరీల వల్ల 1932లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 44 ఏళ్ళు. ఈయన తలుపు దాటలేదు, బయటికి నెట్టారు. చవక పత్రికల్లోని డిటెక్టివ్ కథలు ముందు పెట్టుకుని, వాటిని తిరగరాస్తూ పని నేర్చుకున్నాడు. మొదటి కథకి అయిదు నెలలు పట్టింది, 1933లో 'బ్లాక్ మాస్క్' పత్రిక 180 డాలర్లు ఇచ్చింది. మొదటి నవల 'ది బిగ్ స్లీప్' 1939లో, 51వ ఏట.

ఆ నవల మొదట్లోనే స్టెర్న్‌వుడ్ కుటుంబం కొండమీది బంగళాలో ఉంటుంది. కింద వాళ్ళకి డబ్బు తెచ్చిపెట్టిన ఆయిల్ బావులు. ఇప్పుడా వాసన ఇంటిదాకా రాదు, కానీ కిటికీలోంచి చూస్తే కనిపిస్తాయి. కథంతా తిరిగి తిరిగి చివరికి ఆ బావుల దగ్గరికే చేరుతుంది. ఎందుకో చెప్పను, చదవనివాళ్ళుంటారు. డిటెక్టివ్ మార్లో రోజుకి 25 డాలర్లు, పైన ఖర్చులు తీసుకుంటాడు. పని తృప్తిగా జరగలేదనుకుంటే డబ్బు వెనక్కి ఇచ్చేస్తానంటాడు. అందరూ మార్లోని కవచం లేని వీరుడు అంటారు గానీ, అతని నీతి బిల్లు దగ్గర మొదలవుతుంది. పెద్ద కంపెనీలో బిల్లులు ఎలా తయారవుతాయో చూసినవాడు రాసిన నీతి అది.

అనుభవం ఉంటే చాలు కథ వస్తుందని నేననడం లేదు. అలాగైతే 'విండీ మెక్‌ఫర్సన్' కూడా గొప్ప నవల అయ్యుండేది. అయినా ఈ ముగ్గురూ మన కథల గురించి నాలో ఒక ప్రశ్న మిగిల్చారు. లాయరు రావిశాస్త్రి కోర్టు ఆవరణలోని బేరాలనీ, సాక్ష్యం నేర్పే మాటలనీ 'ఆరు సారా కథలు'లోకి తెచ్చాడు. ఆయన వ్యాపారీ కాదు, లేటుగా మొదలుపెట్టినవాడూ కాదు. కానీ వృత్తి భాష కథ భాషగా ఎలా మారుతుందో తెలుగులో చూపించాడు. ఇప్పుడొస్తున్న ఐటీ కథల్లో ఆఫీసు ఉంటుంది, లేఆఫ్ ఉంటుంది, ట్రాఫిక్ ఉంటుంది, ఒంటరితనం ఉంటుంది. పని ఉండదు. హీరో పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం చేస్తాడో పుస్తకం మూశాక కూడా మనకి తెలీదు.

అప్రైజల్ మీటింగులో మేనేజరు ఒక మనిషిని ఎలా తగ్గించి మాట్లాడతాడు, అది విని ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఏం చెబుతాడు, రెండింటి మధ్య ఏ మాట మారింది? అసాధ్యమని తెలిసిన గడువుకి ఒప్పుకుంటూ పంపే మెయిల్లో ఏ క్రియాపదం వాడతారు? స్టార్టప్ మూతపడే ముందు నెల జీతాల గురించి ఫౌండరు ఏమని అంటాడు? ఇవి తెలిసినవాళ్ళు పదిహేనేళ్ళుగా హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ డాలస్‌లోనూ రోజూ వింటూనే ఉన్నారు. వాళ్ళు ఉద్యోగం మానెయ్యాలా వద్దా అనేది వాళ్ళ ఇంటి లెక్క. రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఆ మెయిల్‌ని బయట వదిలేసి రావద్దు.