గ్లాసులో చేప

మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మా ఇళ్లలో తరతరాలుగా గుడ్డు కూడా ముట్టరు. వాడూ అంతే, కేకు కొనాలన్నా ఎగ్‌లెస్సా కాదా అని అడిగే కొంటాడు. శుక్రవారం సాయంత్రం మాత్రం స్నేహితులతో కూర్చుని ఒక బీరు తాగుతాడు. మొన్న ఫోన్ చేసి, "మామా, బీరులో చేప వేస్తారంట గదా, నిజమేనా?" అన్నాడు. తాగొచ్చా, కూడదా అని వాడు అడగలేదు. అది శాకాహారమా, కాదా అన్నదొక్కటే వాడి బెంగ.

మా నెల్లూరు జిల్లా జలదంకి వైపు ఈ ప్రశ్న వింటే నవ్వుతారు. ఇక్కడ శనివారం నియమం పాటించేవాళ్లు, కార్తీకమాసం పట్టేవాళ్లు, అయ్యప్ప మాల వేసేవాళ్లు మందునీ మాంసాన్నీ ఒకేసారి మానేస్తారు. మాల తీసిన మర్నాడు రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టేవాళ్లూ లేకపోలేదు. అందుకే మందు మాంసం పక్షానిదేనని అందరికీ ఒక నమ్మకం. సరుకు చూస్తే మాత్రం లెక్క వేరు. బీరుకు బార్లీ, వైనుకు ద్రాక్ష, రమ్ముకు చెరకు మడ్డి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే చవక రకాల్లో చాలావాటికి ఆధారం చెరకు మడ్డి నుంచో, ధాన్యం నుంచో తీసిన స్పిరిట్టే. పులియబెట్టే ఈస్టు ఒక రకం శిలీంధ్రం, పుట్టగొడుగుకు చుట్టం. దాన్ని జీవహింస కింద రాసుకుంటే రొట్టెతో పాటు పులిసిన దోసెపిండిని కూడా వదులుకోవాలి. జైనులు ఆ లెక్క నిజంగానే వేస్తారు. పులియడంలో సూక్ష్మజీవులు పుట్టి చస్తాయని వాళ్లు మద్యాన్ని పూర్తిగా దూరం పెట్టారు.

చేప వచ్చేది పులిసిన తర్వాత, తేటపరిచేటప్పుడు. మా మెట్ట ఊళ్లలో చెరువునీళ్లు మడ్డిగా ఉన్నప్పుడు చిల్లగింజను అరగదీసి కుండలో కలిపేవాళ్లు. కాసేపటికి మురికంతా ముద్దకట్టి అడుగుకు దిగేది, పైన నీళ్లు తేటగా నిలిచేవి. బీరులో తేలే ఈస్టు మడ్డిని దించడానికి ఇంగ్లండు వాళ్లు పట్టిన చిల్లగింజ చేప గాలితిత్తి. ఎండబెట్టిన తిత్తిని నానబెట్టి కరిగిస్తే వచ్చే జిగురే ఐసింగ్లాస్. మొదట్లో రష్యా నుంచి స్టర్జన్ చేప తిత్తులు తెప్పించుకునేవాళ్లు. అది బాగా ఖరీదు. 1795లో విలియం మర్డాక్ అనే ఇంజనీరు కాడ్ చేప తిత్తితో చవకైన పద్ధతి కనిపెట్టాడు. మన కోస్తాలో వలకు కచిడి చేప పడితే లక్షలు పలికిందని పేపర్లో వార్త వస్తుంది చూడండి, ఆ ధర కూడా తిత్తిదే. వైను తేటపరచడానికి వాడతారనే మాట ఆ వార్తల్లో తరచూ కనిపిస్తుంది.

చేపతో అయిపోలేదు. ఎర్ర వైనులో వగరు తగ్గించడానికి 225 లీటర్ల పీపాకు అయిదారు గుడ్ల తెల్లసొన కలపడం ఫ్రాన్సులో పాత ఆచారం. ఎముకలూ తోళ్లూ ఉడికించి తీసే జెలటిన్, పాలలోని కేసీన్ కూడా ఈ పనికే వాడతారు. కాంపారి అనే ఇటలీ మందుకు ఆ ఎర్రరంగు చాలాకాలం కొచినీల్ పురుగుల నుంచి వచ్చింది. 2006లో చాలా దేశాల్లో దాన్ని మార్చారు. గిన్నెస్ బీరు కంపెనీ చేప తిత్తిని మానేస్తామని 2015లో ప్రకటించి, తర్వాతి ఏళ్లలో మానేసింది. బెంటొనైట్ అనే బంకమన్నుతోనో, వడపోత యంత్రంతోనో తేటపరిచేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఇక తిత్తి ఎలాగూ మడ్డితో పాటు అడుగుకే పోతుంది, గ్లాసులోకి వచ్చేది ఏ కాస్తో. అయినా శాకాహారి పట్టింపు గ్లాసులో ఎంత మిగిలిందన్న దానితో తీరదు, దాని కోసం చేపను చంపారా లేదా అన్నది వాడికి ముఖ్యం.

పోనీ, చట్టం ఏమైనా తేల్చిందా? గుడ్డుతో సహా జంతువు నుంచి వచ్చినదేదైనా మాంసాహారమే అంటాయి మన ఆహార భద్రతా నిబంధనలు. పాలు, తేనె, లక్క వంటివాటికి మాత్రం మినహాయింపు. జంతు పదార్థం ఎంత కొంచెం ఉన్నా ఆ వస్తువు మాంసాహారమే అవుతుందని, వినియోగదారుడికి ఆ సంగతి తెలియాల్సిందేనని 2021 డిసెంబరులో రామ్ గౌ రక్షా దళ్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కానీ 2020 నాటి లేబులింగ్ నిబంధనలు పచ్చచుక్క వేసే పని నుంచి మద్యానికి మినహాయింపు ఇచ్చాయి. బిస్కెట్ పొట్లం మీద కనపడే చుక్క సీసా మీద ఉండదు. ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు అన్న హెచ్చరిక మాత్రం 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. చేప సంగతి చెప్పకపోయినా సీసా మనిషి సంగతి చెబుతోందన్న మాట.

మన నాటు సరుకును ఇదే పరీక్షకు పెడితే అది నూటికి నూరుపాళ్లూ నెగ్గుతుంది. బెల్లం ఊటలో బెల్లం, నీళ్లు, తుమ్మపట్ట. కొందరు నవసారం వేస్తారు, అది ప్రాణానికి ముప్పు. అయినా అందులో మాంసం లేదు. తాటికల్లులో చెట్టు నీరు తప్ప ఏమీ లేదు, లొట్టిలో పడ్డ చీమల్నీ తేనెటీగల్నీ వడకడితే సరి. చిక్కు వచ్చేది పులియని నీరాతోనే. అది పులవకుండా కుండ లోపల సున్నం పూస్తారు. గుల్లలు కాల్చి తీసిన సున్నమైతే దాని పుట్టుక జీవి నుంచే. ఈ లెక్కన నాటుసారా శాకాహారం అవుతుంది, ఏ మత్తూ లేని నీరా సందేహంలో పడుతుంది. తాంబూలంలో సున్నం రాసుకునే మా పెద్దల మాట ఎత్తకపోవడమే మేలు.

మనవాళ్లు పూర్వం ఈ కొలత వాడలేదు. మనుస్మృతి సుర మూడు రకాలంది. బెల్లంతో చేసేది గౌడి, పిండితో చేసేది పైష్టి. మూడోదైన మాధ్వి తేనెదని కొందరు, ఇప్పపూలదని కొందరు చెబుతారు. ఏ దాంట్లోనూ మాంసం లేదు. అయినా సురాపానం పంచమహాపాతకాల్లో చేరింది. ఎందుకో నన్నయ ఆదిపర్వంలోని కచుడి కథ చెబుతుంది. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యుడి చేత తాగించారు. మన కథల్లో నిజంగా మాంసాహారమైన మద్యం అదొక్కటే అనుకుంటాను. కడుపులో శిష్యుడున్నాడని తెలిశాక శుక్రుడు శపించింది ఆ పూట కలిపిన బూడిదను కాదు, ఏమి తాగుతున్నాడో తెలియనీయని సురను. కల్తీ లేని సురనూ కలిపి నిషేధించాడు.

మా పక్క మండలం కలిగిరిలోని దూబగుంట ఆడవాళ్లదీ అదే తీర్పు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పొలం పని ముగించుకుని రాత్రిపూట పలక పట్టిన ఆడవాళ్ల వాచకంలో, సారాను ఎదిరించిన సీతమ్మ కథ పాఠంగా వచ్చింది. సారా గురించి ఎవరి ఇంటి బాధ వాళ్లు మింగడం పోయి, నలుగురిలో చెప్పుకోవడం మొదలైంది. అంతకుముందు పదేళ్లలో వారుణి వాహిని పేరుతో సర్కారే సారాను పాకెట్లలో ఊరూరికీ చేర్చింది. వర్ధినేని రోశమ్మ ముందుండగా దూబగుంట ఆడవాళ్లు ఆ పాకెట్లు ఊళ్లోకి రాకుండా అడ్డం నిలబడ్డారు. 1992లో చీపుళ్లూ కారప్పొడీ పట్టుకుని జిల్లా అంతా కదిలింది. సారా వేలంపాటలు మళ్లీమళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త విధానంలో క్వార్టర్ సీసా 99 రూపాయలకే దొరికింది. ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. సీసా వచ్చినదారినే పోలేదు, ఇక్కడే ఉంది.

ఆ ఆడవాళ్లు సారాలో ఏముందని అడగలేదు. మడ్డి నుంచి తీసిన సారా శుద్ధ శాకాహారమే. బియ్యానికి పెట్టుకున్న కూలి డబ్బు ఎటు పోయింది, రాత్రి తలుపు చప్పుడైతే పిల్లలు ఎందుకు నక్కుతున్నారు, ఇవీ వాళ్ల ప్రశ్నలు. నేను మందు ముట్టను. దానికి కారణం చేప కాదు, ఆ ఉద్యమం రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్లలో విన్న మాటలు. నా మీద పనిచేసిన కారణం ప్రతివాడికీ ఉండాలని నేను అనను. ఇంట్లో ఎవరికీ కష్టం లేకుండా వారానికొక గ్లాసు తాగేవాళ్లు నాకు తెలుసు.

మా వాడికి మాత్రం వివరంగానే చెప్పాను. విస్కీ, రమ్, జిన్ లాంటి బట్టీలో కాచిన సరుకుల్లో మామూలుగా జంతు పదార్థం ఉండదు. క్రీము కలిపినవాటిలో పాలుంటాయి, రంగుదేరినవైతే లేబులు చదువు. వైనైతే కంపెనీని అడుగు. ఇంగ్లండు వెళ్తే పీపాలోంచి పోసే బీరు మాత్రం అడక్కుండా తాగొద్దు. "ఇంత విచారించాలా మామా?" అన్నాడు. విచారించాల్సిందే. నా తిండి కోసం ఎవరి ప్రాణం పోయిందని ఆరా తీయడం వల్లే కదా మనం శాకాహారులమయ్యాం. ఆ ఆరా చేప తిత్తి దాకా పోయి ఆగిపోకూడదు. శుక్రవారం రాత్రి ఆ బీరు తాగి నువ్వే బండి తోలుకుంటూ వస్తే, ఎదురుగా వచ్చే మోటారుసైకిల్ మనిషి ప్రాణం కూడా ఆ లెక్కలోదే.