ఫొటోలో కనబడని అంచు

"కార్డు అందింది. కానీ మీరు రాసినట్టు లేదు."

ఆన్‌లైన్‌లో పోకెమాన్ కార్డులు అమ్మే ఎవరికైనా ఏదో ఒక రోజు ఈ మెసేజ్ వస్తుంది. పది డాలర్ల కార్డయినా వెయ్యి డాలర్ల కార్డయినా చదవగానే ఒళ్లు మండుతుంది. ఆ రెండు ముక్కల్లో మనకు "నువ్వు అబద్ధం ఆడావు" అన్న మాటే వినబడుతుంది. కొన్నవాడు ఆ మాట అనలేదు. కార్డు గురించి మాత్రమే అన్నాడు. జవాబు రాయడానికి ముందు ఈ సంగతి మనసుకు ఎక్కించుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. డబ్బు లెక్కలు దాని తర్వాతే.

మేముండే డాలస్ వైపు తెలుగు ఇళ్లలో ఈ కార్డులు పిల్లల గదుల్లోంచి పెద్దల బీరువాల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. 1996లో జపాన్‌లో పుట్టిన ఈ ఆటను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 1999 జనవరిలో అమెరికాలో విడుదల చేసింది. మొదటి సెట్‌లో ఉన్నవి 102 కార్డులు. వాటిని బళ్లో ఒకరితో ఒకరు మార్చుకున్న పిల్లలకు ఇప్పుడు ఉద్యోగాలూ జీతాలూ ఉన్నాయి. అందుకే 88 మిల్లీమీటర్ల ఎత్తు, 63 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న అట్టముక్క అంచున వెంట్రుకంత తెల్లదనం కోసం ఇద్దరు పెద్దమనుషులు వారం రోజులు వాదించుకుంటారు. ఆ వాదనను నేను చిన్నచూపు చూడను. పాత కార్డుల ధర ఎక్కువగా ఆ తెల్లదనం మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ మధ్య గుంటూరు నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. మొదటి సెట్‌లోని హోలో (మెరిసే రేకు ఉన్న) బ్లాస్టాయిజ్ కార్డును నియర్ మింట్ అని రాసి అమ్మాడు. కొన్నాయన ఫొటోలతో సహా ఫిర్యాదు పెట్టాడు. "వీడు మోసగాడక్కా. నా కార్డు ఉంచుకుని ఇంకెక్కడిదో పాత కార్డు ఫొటో పెడుతున్నాడు" అని ఊగిపోతున్నాడు.

"ముందు నీ ఫొటోలూ ఆయన ఫొటోలూ రెండూ పంపు" అన్నాను.

రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండు ఫొటోల్లో ఉన్నది ఒకే కార్డా కాదా తేల్చడానికి మంచి దారులున్నాయి. బొమ్మ చుట్టూ ఉన్న పసుపు అంచు ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత అన్నది కార్డు కార్డుకూ మారుతుంది. షీట్లను కోసేటప్పుడు కత్తి ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట పడదు. హోలో రేకు మీది మెరుపు చుక్కలూ అంతే. ఒక కార్డులో బ్లాస్టాయిజ్ తాబేలు వీపు మీది ఫిరంగి గొట్టం పక్కన కనిపించే చుక్క, మరో కార్డులో అక్కడ ఉండదు. ఈ రెండు గుర్తులూ కలిశాయి. కొన్నాయన చేతిలో ఉన్నది మావాడు పంపిన కార్డే.

తేడా అంతా వెలుతురులో ఉంది. మావాడు కార్డును ప్లాస్టిక్ స్లీవ్‌లోనే ఉంచి, గది పైకప్పు లైటు కింద నిటారుగా ఫొటో తీశాడు. వెలుగు ప్లాస్టిక్ మీద పడి చెదిరిపోయింది. కొన్నాయన స్లీవ్ తీసి, కిటికీ దగ్గర కార్డును కాస్త వాల్చి తీశాడు. హోలో మీద సన్నటి గీత, వెనక నీలి అంచు కిందివైపు పొడవునా తెల్లటి పెచ్చులు. షాపు దీపాల కింద ఒక రంగులో కనబడ్డ పట్టుచీర ఇంటికొచ్చి ఎండలో విప్పితే మరో రంగులో ఉంటుంది, అలాగన్నమాట. ఇద్దరూ తాము చూసిందే చెబుతున్నారు.

నియర్ మింట్ అంటే దాదాపు కొత్త కార్డు. అంచున ఎక్కడో ఒక చిన్న చుక్క ఉంటే సర్దుకుపోవచ్చు. అంచు పొడవునా తెల్లబడి, హోలో మీద గీత కూడా ఉంటే అది ఒక మెట్టు కిందిదైన లైట్లీ ప్లేడ్. ఇవాళే రిటర్న్ ఒప్పుకుని తిరుగు పోస్టేజీ నువ్వే కట్టు అన్నాను.

"అంటే నేను మోసం చేశానని ఒప్పుకున్నట్టేగా అక్కా?"

"కార్డు ఆ గ్రేడుకు తగదని ఒప్పుకుంటున్నావు, అంతే. ఆయన నిన్ను దొంగ అనలేదు. నువ్వూ అనకు."

ఈబేలో కార్డు వివరణకు తగ్గట్టు లేదని చెప్పడానికి కొన్నవాళ్లకు 30 రోజుల గడువుంటుంది. ఫిర్యాదు వచ్చాక అమ్మినవాళ్లకు దొరికేది మూడు పనిదినాలు. ఆలోగా తెమలకపోతే కొన్నవాళ్లు ఈబేనే తీర్పు చెప్పమని అడగొచ్చు. రిటర్న్‌లు తీసుకోబోమని ముందే రాసి పెట్టుకున్నా, వివరణకు తగ్గట్టు లేదని తేలితే వెనక్కి తీసుకోక తప్పదు. కొత్తగా అమ్మేవాళ్లు ఆ మూడు రోజులనూ కోపంలోనే గడిపేస్తారు. ఫిర్యాదు వచ్చిన రోజే "మీ ఫొటోలు చూశాను. కార్డు వెనక్కి పంపండి, పోస్టేజీ నాది, కార్డు అందగానే మొత్తం డబ్బు ఇచ్చేస్తాను" అని రాయడానికి నిమిషం పట్టదు.

కార్డు ఉంచుకుంటాను, కొంత డబ్బు వెనక్కివ్వండి అని అడిగేవాళ్లుంటారు. అడిగిన మొత్తం రెండు గ్రేడుల ధరల మధ్య తేడాకు దగ్గరగా ఉంటే సంతోషంగా ఇస్తాను. లోపం చూపే ఫొటో కూడా పెట్టకుండా ముందుగా డబ్బు మాటే ఎత్తితే రిటర్న్ తప్ప మరే దారీ చూపించను.

కొన్నవాళ్లు పొరబడే సందర్భాల్లో ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. కొడుకు పుట్టినరోజుకని ఒకావిడ నా దగ్గర మొదటి సెట్ కార్డు కొని, ఇది నకిలీది అని రాసింది. వాళ్లింట్లో ఉన్న కార్డులకు బొమ్మ చట్రం కుడిపక్కన నీడలాంటి గీత ఉందట, నేను పంపినదానికి లేదు. ఆవిడ చూసింది నిజమే. 1999లో మొదట అచ్చయిన కార్డులకు ఆ నీడ లేదు. తర్వాతి ముద్రణల్లో వచ్చి చేరింది. షాడోలెస్ అని పిలిచే ఆ తొలి కార్డుల రంగులు కాస్త పలచగా ఉంటాయి. కింద కాపీరైట్ వరసలో 95, 96, 98 తర్వాత 99 కూడా కనబడుతుంది. నీడ ఉన్న మామూలు కార్డుల్లో ఆ 99 ఉండదు. ఆ వరసను పెద్దది చేసి ఫొటో తీసి పంపాను. ఇవన్నీ చూశాక కూడా వద్దనిపిస్తే వెనక్కి పంపేయండి అన్నాను. ఆవిడ ఉంచుకుంది. నకిలీ అన్న మాటకు నొచ్చుకుని ఘాటుగా జవాబిచ్చి ఉంటే, అంత శ్రద్ధగా చూసిన మనిషిని అవమానించినదాన్నయ్యేదాన్ని.

దీనికి తలకిందుల గొడవ మాచాంప్ కార్డుది. 1999 స్టార్టర్ సెట్‌లో వచ్చిన మాచాంప్‌లకు నీడ ఉన్నవాటి మీద కూడా ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చూసి అరుదైనదనుకుని అమ్మేవాళ్లున్నారు. కొన్నాక సంగతి తెలిసి గొడవకు దిగేవాళ్లున్నారు. అక్కడ నేను కొన్నవాళ్ల పక్షమే.

గ్రేడింగ్ చేయించి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి అమ్మితే ఈ తంటా ఉండదు కదా అంటారు. చాలావరకు నిజం. కానీ 1991లో మొదలైన పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు, హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడిది, 8 గ్రేడు అందుకుంది. దాని అంచులను తానే కోశానని బిల్ మాస్ట్రో అనే వేలంపాటల వ్యాపారి 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. పెట్టెలో ఉన్నా సరే, నేను అంచులను వాల్చి ఫొటో తీస్తాను.

హైదరాబాద్, విజయవాడల నుంచి అమ్మే కుర్రాళ్లకు ఒక మాట. భారత ప్రభుత్వ 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, వివరణకు తగ్గట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు మొండికేయకూడదు. సైట్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. కొన్నవాళ్లు మిమ్మల్ని ఈ నియమాలతోనే అడుగుతారు, ముందే చదివి ఉంచుకోండి.

ఇక నిజంగా మోసం చేసేవాళ్లు. మంచి కార్డు ఉంచుకుని, తమ దగ్గరున్న నలిగిన కార్డును రిటర్న్‌లో పంపేస్తారు. వాళ్ల కోసమే ధర ఎక్కువున్న కార్డులను పంపేముందు రెండు వైపులా స్లీవ్ లేకుండా ఫొటోలు తీస్తాను. స్లీవ్‌లోకి, తర్వాత టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులోకి దించడం, పైన జిగురు అంటుకోని పెయింటర్స్ టేప్ వేయడం, రెండు అట్టల మధ్య పెట్టి కవరు మూయడం, అంతా ఒకే వీడియోలో ఉంచుతాను. తిరిగొచ్చిన కవరును విప్పేటప్పుడు కూడా అంతే. అందులోంచి వేరే కార్డు బయటపడితే అప్పుడు నాకూ కోపం వస్తుంది. అయినా కొన్నవాడికి ఒక్క ఘాటైన మాట రాయను. ఆ మెసేజ్‌లను చివరికి చదివేది అతను కాదు, కేసు చూసే మూడో మనిషి. ఆ మనిషికి మా ఇద్దరిలో ఎవరూ తెలియదు. బ్లాస్టాయిజ్ అంటే ఏమిటో కూడా తెలియకపోవచ్చు. అందుకే నా జవాబులో ఇవే ఉంటాయి: పంపిన కార్డు ఫొటో, తిరిగొచ్చిన కార్డు ఫొటో, రెంటిలో ఎడమ అంచు వెడల్పు, హోలో మీద తేడాగా ఉన్న చుక్క చుట్టూ ఎర్ర గీత, తేదీలు. తపాలా ద్వారా జరిగిన మోసం కాబట్టి అమెరికా పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కు కూడా అదే కాగితం పంపిస్తాను.